చాయ్ గ్లాసు కింద సాలెపురుగు

పెళ్ళయి కనకమామిడికి వచ్చిన కొత్తలో, మా అత్తగారింట్లో పగటిపూట ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. దానికి కారణం మా ఆయన ఉద్యోగం. మామ రోడ్డు పక్క పొలంలో కొంత భాగాన్ని ఫాంహౌస్ కట్టుకుంటామన్న పట్నం వాళ్ళకు అమ్మి, వచ్చిన దాంతో కొడుక్కి బండి కొనిచ్చాడు. మా ఆయన దాన్ని హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి క్యాబుగా పెట్టాడు. సాయంత్రం చాయ్ తాగి వెళ్ళేవాడు, రాత్రంతా ఉద్యోగుల్ని తిప్పి, పాల ప్యాకెట్లు దిగే వేళకు ఇల్లు చేరేవాడు. అప్పట్లో మా ఊళ్ళో వాడకు ఒకటి రెండు అలాంటి బండ్లుండేవి. పగలు వేపచెట్టు నీడలో బండి నిద్రపోయేది, ఇంట్లో మంచం మీద డ్రైవరు నిద్రపోయేవాడు.

దాంతో ఇంట్లో మిక్సీ బంద్. టీవీ బంద్. మసాలా నూరాలంటే సాయంత్రమే. నేను ఏ గిన్నె మూత పడేసినా అత్తమ్మ పెదవుల మీద వేలు పెట్టి, "వాడు పండిండు," అనేది. నేను పుట్టి పెరిగింది మొయినాబాద్‌లో, బస్టాపు ఎదురుగా. మెహదీపట్నం బస్సుల హారన్ల మధ్య మా అమ్మ వంటింట్లోంచి పిలిస్తే నేను వాకిట్లోంచి అరిచి జవాబు చెప్పేదాన్ని. ఇక్కడ నోరు కుట్టేసినట్టయింది. నాకసలే కుదురు తక్కువ. మొదటి నెల రోజులూ గోడలు లెక్కపెట్టాను.

ఆ తర్వాత సాలెపురుగు కనబడింది.

ముందటి గదిలో ఉత్తరం వైపు కిటికీ, దాని కింద అత్తమ్మ మంచం. ఒక మధ్యాహ్నం ఆ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. కిటికీ చట్రం మీద ఈగ వాలింది. దానికి జానెడు దూరంలో సున్నం గోడ మీద బూడిదరంగు పురుగొకటి ఉంది. పెసరగింజ కన్నా కాస్త పొడవు, ఒళ్ళంతా సన్నటి నూగు, పక్కల నల్లటి గీతలు. సాలెపురుగే, కానీ దాని చుట్టూ ఎక్కడా గూడు లేదు. అది ఈగ వైపు రెండడుగులు వేసి ఆగింది. ఈగ కాళ్ళు రుద్దుకుంటే మళ్ళీ రెండడుగులు. పాలగిన్నె దగ్గరికి పోయే పిల్లిని చూసినట్టే ఉంది. నేను చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని ఊపిరి బిగబట్టాను. ఒక్క దూకు దూకింది. ఈగ తప్పించుకుంది, సాలెపురుగు చట్రం అంచు దాటి కింద పడింది.

పడలేదు. గాలిలో వేలాడింది. దూకే ముందే గోడకు ఒక దారం అంటించి పెట్టుకుందన్నమాట. ఆ దారం పట్టుకుని మెల్లగా పైకెక్కింది, ఎక్కి, నా వైపు తిరిగి చూసింది. తిరగడమంటే మామూలు పురుగులు తిరిగినట్టు కాదు. ముందు మొహం తిప్పింది, తర్వాత ఒళ్ళు తిప్పింది. మొహం మధ్యలో రెండు పెద్ద నల్లటి కళ్ళు, పక్కన ఇంకో రెండు చిన్నవి. నేను తల అటు వంచితే అటు తిరిగింది, ఇటు వంచితే ఇటు తిరిగింది. పురుగు మనిషిని చూస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ రోజు చిక్కుడుకాయ కూర ఆలస్యమైంది.

అక్కడి నుంచి నాకు పగలు బరువనిపించలేదు. మా ఆయన గడ్డం గీసుకునే అద్దం తెచ్చి కిటికీలో పెట్టాను. సాలెపురుగు అద్దంలో తనను చూసుకుని ముందు కాళ్ళు రెండూ ఎత్తి తగాదాకు దిగింది. ఇంకోరోజు నా బొట్టుబిళ్ళ ఒకటి తలవెంట్రుకకు అంటించి చట్రం మీద లాగాను. ఈగనుకుని వెంబడించింది, ముట్టుకుంది, ఛీ అన్నట్టు వెనక్కి జరిగింది. రెండోసారి లాగితే మోసపోలేదు. మర్నాడు మళ్ళీ మోసపోయింది. చట్రం మూలలో తెల్లటి సంచీ ఒకటి అల్లుకుంది, గోరంత ఉంటుంది. చీకటి పడే వేళకు అందులో దూరేది, ఎండ వచ్చాక బయటికొచ్చేది. దీపాలు పెట్టే వేళకు నేను చూసినప్పుడల్లా సంచీలోనే ఉంది. ఈ సంగతి తర్వాత పనికొచ్చింది.

అత్తమ్మ దాన్ని దుంకుడు సాలె అనేది. ఆమెకు నా వేషాలు వింతగా ఉండేవి. ఒక శుక్రవారం బూజుకర్ర పట్టుకుని ఆ కిటికీ దగ్గరికి వచ్చింది. నేను అడ్డం నిలబడ్డాను.

"అత్తమ్మా, గా మూల వదిలెయ్యి."

"ఎందుకే?"

"అది బూజు పెట్టదు. ఈగలు పడతది."

అత్తమ్మ నా మొహం చూసింది, మూల చూసింది. "పని లేనోళ్ళకు పురుగులతోని దోస్తీ," అని బూజుకర్ర పక్క గదికి తీసుకుపోయింది. ఆ ఇంట్లో ఆమెను ఒక పని చెయ్యొద్దని చెప్పినదాన్ని బహుశా నేనే మొదటిదాన్ని. ఆమె ఎందుకు ఒప్పుకుందో నాకు అప్పుడు తెలియలేదు, ఆలోచించనూ లేదు. గెలిచానని మాత్రం సంబరపడ్డాను.

వానాకాలం మొదట్లో అత్తమ్మకు నుదుటి మీద మంట మొదలైంది. కారం రాసినట్టుంది అనేది. పైకి ఏమీ కనబడలేదు. రెండు రోజులు అమృతాంజనం లాంటివేవో రాసుకుని ఊరుకుంది. మూడో రోజు పొద్దున్నే లేచేసరికి ఎడమ కనుబొమ మీద నీటిపొక్కులు గుత్తులుగా లేచి ఉన్నాయి. రెప్ప ఉబ్బింది.

పక్కింటి అవ్వ వచ్చి ఒక్క చూపు చూసి తేల్చేసింది. "సాలె పోసింది."

మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలిసిన మాట అది. నిద్రపోతున్న మనిషి మీద సాలెపురుగు పాకి ఉచ్చపోస్తే ఆ చోట పొక్కులు లేస్తాయంటారు. దానికి మందు వేపాకు, పసుపు, గడపలకు పూసే జాజు కలిపి నూరిన పూత. మూడు రోజులు పొద్దున, సాయంత్రం పూయాలి. ఆ మూడు రోజులూ గడప దాటకూడదు. సూది వేయిస్తే విషం లోపలికి పోతుంది.

"యాడ పండుతవ్?" అని అడిగింది అవ్వ. అత్తమ్మ మంచం చూపించింది. అవ్వ తలెత్తి కిటికీ చూసింది. మామ కూడా చూశాడు. తర్వాత ఇద్దరూ నన్ను చూశారు.

"నువ్వే గద పిల్లా, దులపనియ్యలే," అన్నాడు మామ.

వాళ్ళు తప్పు అంటున్నారని నాకనిపించి ఉంటే ఒంటికాలి మీద లేచేదాన్ని. కానీ నేనూ నమ్మాను. చిన్నప్పటి నుంచి విన్న మాటే. నా సరదా వల్లే ఆమెకు ఈ గతి పట్టిందనుకున్నాను. అత్తమ్మ తిడితే బాగుండేది. ఆమె తిట్టలేదు. "నిద్రల నాకే తెల్వలే," అని మాత్రం అంది.

మామ చెప్పు తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. ఆయన కన్నా ముందు నేను చాయ్ గ్లాసు బోర్లించి దాన్ని పట్టుకున్నాను. "నేను పడేస్త మామా," అన్నాను. పడెయ్యలేదు. చంపుదామనే అనుకున్నాను, చెయ్యి రాలేదు. గ్లాసును అలాగే కిటికీ అరుగు మీద ఉంచాను. లోపల అది గాజు మీద ఎక్కుతూ జారుతూ నన్ను చూస్తూనే ఉంది.

పూత పూసే పని నేనే తీసుకున్నాను. తప్పు చేసినదాన్ని కదా. మర్నాడు మధ్యాహ్నం ఎండిన పూతను తడిగుడ్డతో తుడిచి, కొత్తది పెట్టడానికి ఆమె జుట్టు పాయలు తీశాను. అప్పటికి పొక్కులు జుట్టులోకి పాకాయి, ముక్కు పక్కకు దిగాయి, ముక్కు కొన మీద కూడా ఒకటి లేచింది. గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

పొక్కులన్నీ ఎడమ వైపే ఉన్నాయి. నుదుటి మధ్య బొట్టు పెట్టుకునే చోటికి వచ్చి ఆగిపోయాయి. తల మీద పాపిడి దాకా ఉన్నాయి, పాపిడి దాటి ఒక్కటీ లేదు. కుడి వైపు చర్మం ఎప్పటిలా ఉంది. వేలితో మెల్లగా తడిమి చూశాను. సున్నం దారం పట్టి గీత కొట్టినట్టు సరిగ్గా సగం.

రెండు నెలలు నేను ఆ సాలెపురుగును కళ్ళలో వత్తులు వేసుకుని చూశాను. అది ఒక్కసారైనా తిన్నగా నడిచిన పాపాన పోలేదు. నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది, వెనక్కి తిరుగుతుంది, దూకుతుంది. అలాంటిది నిద్రపోతున్న మనిషి మొహం మీదికి దిగి, జుట్టులో కూడా పాపిడి ఎక్కడుందో చూసుకుని, అటువైపు కాలు పెట్టకుండా పోసిందా? పైగా చీకటి పడితే అది సంచీలో ఉంటుంది. అత్తమ్మ పండుకునే వేళకు అదీ పండుకునే ఉంటుంది.

"అత్తమ్మా, కన్నెట్లున్నది?"

"ఎర్రగైందా? వెలుగు గుచ్చుకుంటున్నది. అద్దానికి ఆవిరి పట్టినట్టు కనబడుతున్నది."

పొక్కుల సంగతి ఏదైనా కానీ, ఆవిరి పట్టింది కంటికి.

వాకిట్లో కూర్చున్న మామ దగ్గరికి వెళ్ళి చెప్పాను. "మామా, ఇది సాలె పోసింది గాదు. దవాఖానకు పోదాం."

"మూడు దినాలు ఆగాలె పిల్లా. ఇంకొక్క దినమే."

పక్కింటి అవ్వ అక్కడే ఉంది. "నడుమల గడప దాటితే కన్ను పోతది," అంది.

"ఆగితే పోతది," అన్నాను. అనడం కాదు, అరిచాను. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో పగటిపూట నేను గొంతెత్తింది అదే మొదలు. మామ చటుక్కున లోపలి గది వైపు చూశాడు. ఆయనకు కొడుకు నిద్ర మీద బెంగ. నాకు ఒళ్ళు మండింది. లోపలికి వెళ్ళాను, మామా అవ్వా వెనకే వచ్చారు. గ్లాసు కింద కాగితం దూర్చి, సాలెపురుగుతో సహా తీసి, అందరి ముందూ అత్తమ్మ మంచం మీద కూర్చున్నాను. కాగితం లాగేసి గ్లాసును నా ఎడమ చెంపకు బోర్లించి పట్టుకున్నాను.

అది దిగింది. నా చెంప మీద నాలుగడుగులు వేసింది, ఆగింది. చక్కిలిగిలి పెట్టింది. నవ్వొస్తుంది, భయమూ వేస్తుంది. నిజం చెప్పాలంటే భయమే ఎక్కువ. చిన్నప్పటి మాటలు ఒక పాపిడి గీతకు పోతాయా?

నా అరుపుకు మా ఆయన లేచి గుమ్మంలోకి వచ్చాడు. జుట్టు చెదిరి, కళ్ళు ఎర్రబడి. "ఏం జేస్తున్నవే?"

"మీ అమ్మకు సాలె పోసిందంటున్నరు. నాకు గూడ పోస్తదేమో చూస్తున్న."

మామ బీడీ వెలిగించాడు. అది అయిపోయాక ఇంకోటి వెలిగించాడు. నేను చెంపకూ గ్లాసుకూ నడుమ కాగితం దూర్చి, సాలెపురుగుతో సహా గ్లాసు తీసి చెంప చూపించాను. అంచు ఒత్తుకున్న గుండ్రటి గుర్తు తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడే రాదు బిడ్డా. తెల్లారి వస్తది," అంది అవ్వ.

ఆమె మాటలో న్యాయం ఉంది. అత్తమ్మకూ మంట మొదలయ్యాక మూడో రోజుకే కదా పొక్కులు లేచింది. ఇన్నేళ్ళయినా ఆ మాటకు నా దగ్గర సరైన జవాబు లేదు. అప్పుడైతే ఓడిపోయానని అర్థమై కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అత్తమ్మ లేచి నిలబడింది. కొంగు తలచుట్టూ తిప్పుకుని, పూత లేని ఎర్రటి పొక్కులతోనే గడప దగ్గరికి నడిచింది. "ఈ పిల్ల దాని మొకం పణంగ పెట్టింది. నా మొకానిది ఏమున్నది? బండి తియ్యిరా," అని కొడుకుతో చెప్పి, గడప దాటింది. ఆమె దాటాక ఇంకెవరూ అడ్డం చెప్పలేదు. నేను గ్లాసును మళ్ళీ కిటికీ అరుగు మీద బోర్లించి, చెప్పులు వేసుకుని ఆమె వెనకాల పరుగెత్తాను.

చేవెళ్ళ రోడ్డు మీద ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ముక్కు కొన మీది పొక్కును చూడగానే ఆమె మొహం మారింది. "చిన్నప్పుడు తల్లి పోసిందా నీకు?" అని అడిగింది. పోసిందంది అత్తమ్మ. తల్లి పోయడమంటే ఆటలమ్మ. ఆ రోగమే ఒళ్ళు విడిచిపోకుండా ఒక నరం మొదట్లో ఇన్నేళ్ళూ దాక్కుని ఉందట. ఇప్పుడు లేచింది. ఆ నరం మొహంలో ఒక వైపుకే పోతుంది కాబట్టి పొక్కులు నడిమి గీత దాటవు. కంటికి పోయేదీ, ముక్కు కొనకు పోయేదీ అదే నరం. నేను అడిగిన ప్రశ్నలకు ఆమె కాసేపు చెప్పి చెప్పి, "ఏం చదివినవ్?" అంది. ఇంటర్ సగంలో ఆపానని చెప్పడానికి సిగ్గేసింది.

"చూపు ఎంత మిగుల్తదో ఇప్పుడు చెప్పలేను. ఇంకా ఆలస్యం కాలేదు, అదే నయం," అంది.

నాలుగు రోజులు అక్కడే ఉంచారు. మాత్రలు, కంట్లో చుక్కలు. మా ఆయన రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చి దవాఖాన మెట్ల మీద గోడకు ఆనుకుని నిద్రపోయేవాడు. హారన్లు, స్ట్రెచర్లు, ఏడుపులు, ఏ చప్పుడూ అతన్ని లేపలేదు. అది చూశాక ఇంట్లో మిక్సీ సంగతి తలుచుకుని నాకు మండుకొచ్చింది, నవ్వూ వచ్చింది.

ఇంటికి వస్తుంటే బండిలో, కంటికి దూది కట్టుతో, అత్తమ్మ అడిగింది. "అయితే దాని తప్పేం లేదన్నట్టేనా?"

"లేదత్తమ్మా."

ఆ మాట నోట్లో ఉండగానే గ్లాసు గుర్తొచ్చింది. నాలుగు రోజులు.

ఇంట్లో మామ దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకోవడానికి భయపడ్డాడు. అది వెల్లకిలా పడి, కాళ్ళు లోపలికి ముడుచుకుని ఉంది. రెప్పల్లేని కళ్ళు కాబట్టి ఇంకా చూస్తున్నట్టే ఉన్నాయి. చెప్పు పట్టుకుని వచ్చిన మామ చంపలేదు, సాలె పోసిందన్న అవ్వ చంపలేదు. తప్పు లేదని అందరి మీదా అరిచిన నేను చంపాను. కిటికీ దగ్గర నిలబడి ఏడ్చాను. పురుగు కోసం ఏడుస్తున్నానని ఎవరైనా నవ్వుతారేమోనన్న సిగ్గు కూడా లేకపోయింది.

ఎవరూ నవ్వలేదు. "ఏమాయె?" అంది అత్తమ్మ మంచం మీద నుంచి.

"సచ్చిపోయింది. మరిచిపోయిన."

"నా యెంబడి ఉరికినవ్ గద," అంది. "మూలకు సంచీ ఉన్నదేమో చూడు. దాన్ని ఎవ్వలూ ముట్టొద్దు." అది మామకు కూడా వినబడేటట్టే చెప్పింది.

పొక్కులు మాడి, మచ్చలు పడ్డాయి. కట్టు విప్పారు. కంటి సంగతి మాత్రం తెలిసేది కాదు. ఎప్పుడడిగినా, "మంచిగనే ఉన్నది, ఫికర్ జెయ్యకు," అనేది. దవాఖానలో డాక్టరమ్మ వేళ్ళు చూపించి ఎన్ని అంటే సరిగ్గా చెప్పేది, కానీ చెప్పే ముందు ఒక్క క్షణం ఆగేది. నాకు ఆ ఆగడం నచ్చేది కాదు. ఇంట్లో అన్నం గిన్నె ఎడమ వైపు పెడితే చేత్తో తడిమేది. అందరి ముందూ ధైర్యం నటిస్తోందని నాకు అనుమానం. అడగడానికి ధైర్యం చాలలేదు. ఆలస్యమైన ఆ ఒకటిన్నర రోజులూ పూత పూసింది నా చేతులే.

ఈలోగా మూలలో సంచీ విచ్చుకుంది. నువ్వుగింజల్లాంటి పిల్లలు బయటికొచ్చాయి. నేను గుడ్ల సంగతి ఊహించనే లేదు. వాటిలో చాలావరకు ఎటు పోయాయో పోయాయి. ఒకటి మాత్రం ఆ కిటికీనే పట్టుకుని ఉండిపోయింది. వానలు తగ్గేసరికి బియ్యపుగింజంత అయింది, చిన్న చిన్న దోమల్ని పట్టేది.

ఒక మధ్యాహ్నం పప్పు పొయ్యి మీద పెట్టి ముందటి గదిలోకి వచ్చాను. అత్తమ్మ మంచం మీద కూర్చుని ఉంది. కుడి కంటిని అరచేత్తో గట్టిగా మూసుకుని, ఎడమ కంటితో కిటికీ వైపు చూస్తోంది. నా అడుగుల చప్పుడు విని, రెండో చేతి వేలు పెదవుల మీద పెట్టింది. నేను మెల్లగా పక్కన కూర్చున్నాను. సున్నం గోడ మీద పిల్ల సాలెపురుగు ఉంది. దానికి బెత్తెడు దూరంలో దోమ వాలి ఉంది.

"నల్లగ సుక్క లెక్క ఉన్నది," అంది గుసగుసగా. "ఆగింది... మళ్ళ నడుస్తున్నది."

అది నిజంగానే నడుస్తోంది. అయినా నాకు నమ్మకం కలగలేదు. ఆ కిటికీలో ఏం జరుగుతుందో ఈపాటికి ఆమెకు కంఠతా వచ్చి ఉంటుంది, నా కోసం చెబుతోందేమో అనుకున్నాను. ఆమె మొహం చూడ్డం మానేసి సాలెపురుగునే చూశాను. అది కాళ్ళు దగ్గరికి లాక్కుంది. చాలాసేపు కదల్లేదు. అత్తమ్మ కూడా ఏమీ మాట్లాడలేదు.

"దుంకింది," అంది.

అదే క్షణంలో దూకింది అది.

నాకు ఏడుపు ఆగలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా పెద్దగానే బయటికొచ్చింది. లోపలి గదిలో మంచం కిర్రుమంది, మా ఆయన కదిలినట్టున్నాడు. అత్తమ్మ అటు చూడలేదు. కంటి మీద అరచెయ్యి తియ్యకుండా, కిటికీ మీది చూపు తిప్పకుండా, రెండో చేత్తో నా మోకాలు నొక్కింది.

"మెల్లగ ఏడ్వు పిల్లా," అంది. "అది బెదురుతది."